బిరడా పెట్టిందెవరు?

"వదినగారూ! కాఫీ! కాఫీ తాగుతారా?" గౌరి గొంతు చించుకుని అరిచింది.

"వద్దు వదినగారూ! ఇప్పుడే తాగాను!" వసంతలక్ష్మి అంతకంటే గట్టిగా అరిచింది.

భోజనాల గదికి అడ్డంగా కట్టిన ప్లాస్టిక్ తెర జిప్పు సర్రున తెరుచుకుంది. అందులోంచి డస్టిన్ తల బయటికొచ్చింది. "ఎవ్రీథింగ్ ఓకే, లేడీస్?" అన్నాడు భయంభయంగా.

పాపం, అతనికి తెలుగు రాదు. ఇద్దరు పెద్దావిడలు కొట్టుకుంటున్నారనుకున్నాడు. నిజానికి వాళ్ళు మర్యాదలు చేసుకుంటున్నారు. కొట్టుకోవాల్సి వస్తే ఆ ఇద్దరూ అసలు నోరే విప్పరు.

ఆదివారం పైఅంతస్తులో స్నానాల గది టబ్బు పొంగి, కింద భోజనాల గది సీలింగు ఊడి డైనింగ్ టేబుల్ మీద పడ్డప్పటినుంచీ, ఫ్రిస్కోలో రవికాంత్ ఇంట్లో ఎవరూ మామూలు గొంతుతో మాట్లాడింది లేదు. నీళ్ళు పట్టిన ఇళ్ళని బాగుచేసే కంపెనీవాళ్ళు వచ్చి, తడిసిన కార్పెట్ చుట్టి పట్టుకుపోయారు. గోడల్ని మోకాలెత్తు దాకా కోసేశారు. తర్వాత గదినిండా బ్లోయర్లు పెట్టారు. మూల ఒకటి, గాల్లో తడి లాగే పెద్ద మిషను. గోడలు ఆరేదాకా ఇవి పగలూ రాత్రీ తిరుగుతూనే ఉండాలి, ఆపితే బూజు పడుతుంది, దయచేసి ఎవరూ ముట్టుకోకండి అని ఆ కంపెనీ మనిషి డస్టిన్ చెప్పిందే చెప్పి వెళ్ళాడు.

ఆ హోరులో ఇంట్లో అందరికీ గొంతు పోయింది. ఒక్క ఉమామహేశ్వరరావు మాత్రం ఆదివారం నుంచీ పెద్దగా మాట్లాడలేదు గనక ఆయన గొంతు బాగానే ఉంది.

రవికాంత్ తండ్రి ఆయన. ఇరిగేషన్ శాఖలో ఎస్.ఈ.గా చేసి రిటైరైన మనిషి. కృష్ణా డెల్టాలో ఏ కాలవకి ఎప్పుడు ఎంత నీరు వదలాలో ఒకప్పుడు ఆయన సంతకం మీదే నడిచేది. ఇప్పుడు చేతులు వెనక్కి కట్టుకుని డస్టిన్ వెంట తిరుగుతున్నాడు. డస్టిన్ మీటరు గోడకి ఆనిస్తే వంగి చూస్తాడు, తల పంకిస్తాడు, మళ్ళీ నిటారుగా నిలబడతాడు. అంతకు తప్పించి ఒక్క మాట లేదు.

"ఆయన మనసు కష్టపడిందే భావనా," అంటోంది గౌరి కోడలితో. "నీళ్ళు వృథా అయితే చూడలేరు."

భావనకి నెలలు నిండుతున్నాయి. డాక్టరు ఈ నెలాఖరుకి అంది. పురుడు పోయడానికి తల్లి వసంతలక్ష్మి రాజమండ్రి నుంచి వచ్చింది. వచ్చిన తల్లే ఇప్పుడు ముద్దాయి అయి కూర్చుంది.

ఎందుకంటే, ఆదివారం అందరూ ప్లేనోలో భాస్కర్ వాళ్ళ గృహప్రవేశానికి బయల్దేరినప్పుడు పై స్నానాల గదిలోంచి ఆఖరున వచ్చింది వసంతలక్ష్మి. అద్దం ముందు పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, వ్యాన్‌లోంచి రవికాంత్ హారన్ కొట్టేదాకా కదల్లేదు. తిరిగొచ్చి చూస్తే పైన కుళాయి ధారగా పారుతోంది. నేరం ఎవరిదో గౌరి మనసులో ఆ క్షణమే తేలిపోయింది.

బయటికి అనలేదు. అనకుండా అనడంలో గౌరిని మించినవాళ్ళు లేరు. "పోనీండి వదినగారూ, ఎవరికైనా జరుగుతుంది," అని గంటకోసారి ఓదార్చింది. "నేను కుళాయి ముట్టుకోలేదండీ," అని వసంతలక్ష్మి అంటే, "అయ్యో, నేనేమన్నా అన్నానా!" అనేది. ఆ ఓదార్పుకి వసంతలక్ష్మి కుతకుతలాడిపోయింది.

మంగళవారం పొద్దున కథ అడ్డం తిరిగింది.

డస్టిన్ మీటరు చూసుకుని బుర్ర గోక్కున్నాడు. గదిలో తడి తగ్గాలి. తగ్గకపోగా నిన్నటికంటే పెరిగింది. మళ్ళీ చూశాడు, మీటరుని అరచేత్తో రెండు తట్టాడు. ఆఖరికి గది చివర మిషను వెనక్కి వెళ్ళి అక్కడే ఆగిపోయాడు.

నేలంతా పాత చీర పరిచి ఉంది. దానిమీద వరసగా, ఎంతో ముచ్చటగా, తెల్లటి ముద్దలు.

"సర్... వాట్ యామ్ ఐ లుకింగ్ యాట్?"

ఉమామహేశ్వరరావు వంగి చూశాడు. రెండు రోజుల్లో మొదటిసారి గొంతు విప్పాడు.

"వడియాలు."

ఎండ అక్కర్లేదు, కాకుల బెడద లేదు, వేడిగాలి ఇరవైనాలుగు గంటలూ. ఇంత చక్కటి సదుపాయం ఊరికే పోతోందని గౌరి ప్రాణం ఒప్పుకోలేదు. రాత్రే మినప్పప్పు నానబోసింది. ఇంట్లో గోడల తడి ఒకవైపు లాగుతుంటే, ఇంకోవైపు ఈవిడ కొత్త తడి తెచ్చి పెట్టింది. డస్టిన్‌కి కోపం రాలేదు, ఏడుపొచ్చింది. వడియాలు ఎగిరిపడకుండా తీయించాలని గబగబా వెళ్ళి బ్లోయర్లన్నీ టకటకా ఆపేశాడు.

ఇల్లంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. వంటింట్లో ఫోన్ పట్టుకుని, విజయవాడలో ఉన్న చెల్లెలు సుధతో మాట్లాడుతున్న గౌరి ఆ సంగతి గమనించలేదు.

"...నా కోడలికి పురుడు పొయ్యమని పిలిస్తే, నా కొడుకు కొంపే ముంచిందే సుధా! కుళాయి కట్టడం కూడా రాని మనిషి, రేపు పసిబిడ్డకి నీళ్ళేం పోస్తుంది! ఎప్పుడు విమానం ఎక్కుతుందా అని..."

అప్పుడు ఆగింది. ఆగేటప్పటికి అనాల్సినవన్నీ అనేసింది.

హాల్లో సోఫాలో వసంతలక్ష్మి పుట్టబోయే బిడ్డ కోసం పాత కాటన్ చీర చింపి చిన్నచిన్న గుడ్డలు కుడుతోంది. సూది గుడ్డకి గుచ్చి పక్కన పెట్టింది. భావన గోడ పట్టుకుని నిలబడిపోయింది. డస్టిన్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, తలొంచుకుని వడియాల వంక చూస్తూ ఉండిపోయాడు.

"నాయనా రవీ," అంది వసంతలక్ష్మి, లాప్‌టాప్ పట్టుకుని హాల్లోకొచ్చిన అల్లుడితో. మామూలు గొంతుతో, చాలా నెమ్మదిగా. "నా టికెట్ ప్రీపోన్ చేయించు. రేపటికి ఉంటే రేపే."

"అమ్మా! డెలివరీ టైమ్‌కి నువ్వు లేకపోతే నేనేం చెయ్యాలి? ఐ కాంట్ డూ దిస్ వితౌట్ యూ!" భావన ఏడ్చేసింది.

"మీ అత్తగారున్నారుగా తల్లీ. కుళాయి కట్టడం వచ్చినావిడ."

*

బుధవారం సాయంత్రం విమానానికి సీటు దొరికింది. అక్కర్లేనప్పుడే అన్నీ ఇట్టే దొరుకుతాయి.

మధ్యాహ్నం వసంతలక్ష్మి వంటింటి బల్ల దగ్గర కూర్చుని కూతురికి పెరుగన్నం ముద్దలు కలిపి పెడుతోంది. భావన ఏడుస్తూ తింటోంది. రవికాంత్ లాప్‌టాప్‌లో ట్రాఫిక్ చూస్తున్నట్టు నటిస్తున్నాడు. భార్య వైపు చూస్తే అమ్మకి కోపం, అమ్మ వైపు చూస్తే భార్యకి కోపం. అందుకని రెండు రోజులుగా వాడు ట్రాఫికే చూస్తున్నాడు. గౌరి పైన తయారవుతోంది. ఎంత గొడవైనా వియ్యపురాల్ని బొట్టుపెట్టి, చీరపెట్టి, ఎయిర్‌పోర్ట్ దాకా సాగనంపకపోతే మర్యాద ఏముంటుంది?

బ్లోయర్లు మళ్ళీ హోరెత్తుతున్నాయి. ఉమామహేశ్వరరావు గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు. మొహం పాలిపోయి ఉంది.

"నేను!" అన్నాడు.

"ఏంటి నాన్నా?"

"నేను! కుళాయి! విప్పింది!"

"ఏ కుళాయి? సింకా?"

"ఆదివారం! టబ్బు కుళాయి! విప్పి వదిలింది నేను!"

తప్పు ఒప్పుకోవడం ఎప్పుడూ కష్టమే. అరుస్తూ ఒప్పుకోవడం మరీ కష్టం. ఆయనకి ఆయాసం వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

రవికాంత్ దగ్గరకొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "నాన్నా, ప్లీజ్. అత్తయ్యగారిని ఆపడానికి బ్లేమ్ మీ మీద వేసుకోకండి."

వసంతలక్ష్మికి కళ్ళు చెమర్చాయి. ఎంగిలి చెయ్యి అలాగే పైకెత్తి, "అన్నయ్యగారూ, మీ మంచితనానికి వెయ్యి దండాలు. నాకోసం మీరు అబద్ధం ఆడకండి," అంది.

"అబద్ధం కాదమ్మా!" ఆయన బల్ల గుద్దాడు. "ఆ రోజు వీధిలో పైపు రిపేరని సిటీవాళ్ళు నీళ్ళు ఆపారా లేదా? తలుపుకి చీటీ కట్టి వెళ్ళారా లేదా? నేను టబ్బు కుళాయి తిప్పితే చుక్క రాలేదు. విప్పే ఉంచాను. నీళ్ళొస్తే చప్పుడు వినిపిస్తుందని. క్వార్టర్స్‌లో ఉన్నన్నాళ్ళూ మేం చేసిందదే. ఈలోపల మీరందరూ వ్యాన్ ఎక్కండన్నారు, ఎక్కాను."

ఈసారి అందరూ నమ్మారు. నమ్మక చస్తారా, విజయవాడలో పెరిగిన రవికాంత్‌కి ఆ కుళాయి చప్పుడు కోసం తెల్లవారుజామున చెవులు రిక్కించి పడుకున్న రోజులు గుర్తున్నాయి.

"మరి ఆదివారమే ఎందుకు చెప్పలేదు మావయ్యగారూ?" అంది భావన.

"సిగ్గేసిందమ్మా. డెల్టా మొత్తానికి నీళ్ళు పంచినవాణ్ణి. కొడుకు ఇంట్లో టబ్బు..." ఆయన లేచి చేతులు జోడించాడు. "నా వల్ల చెల్లెమ్మ మాట పడింది. నన్ను క్షమించాలి."

భావన చెంపలు తుడుచుకుని నవ్వేసింది. "అయితే అమ్మ తప్పేం లేదుగా! అమ్మా, నువ్వెక్కడికీ వెళ్ళక్కర్లేదు! రవీ, టికెట్ కాన్సిల్ చెయ్!"

వసంతలక్ష్మి మొహం కూడా విచ్చుకుంది. రవికాంత్ హమ్మయ్య అని ట్రాఫిక్ మూసేశాడు.

అక్కడితో ఆయన ఊరుకుంటే ఎంత బాగుండేది! ఊరుకోలేదు. ఇంజనీరు బుద్ధి ఊరుకోనిస్తుందా?

"కానీ ఒక విషయం ఉంది," అన్నాడు.

"ఏంటి నాన్నా?"

"కుళాయి ఒక్కటీ విప్పినంత మాత్రాన టబ్బు నిండదు. వచ్చే ధార కంటే కింద పోయే దారి పెద్దది. ఎంతసేపు పారినా నిలవదు. ఎవరో అడుగున బిరడా నొక్కి మూసి ఉండాలి."

రవికాంత్ తండ్రిని కళ్ళతో బతిమాలాడు. "మీరే మూసి ఉంటారు."

"నేను మూయలేదు."

"మర్చిపోయి ఉంటారు నాన్నా."

"నీళ్ళ చప్పుడు వినాలనుకున్నవాణ్ణి బిరడా ఎందుకు పెడతాను?"

"పెట్టారనుకోండి నాన్నా! పోనీ పెట్టాననండి!"

"పెట్టని బిరడా పెట్టానని ఎలా అంటానురా!"

టబ్బు దగ్గరికి ఆఖరున వెళ్ళింది ఎవరో అందరికీ గుర్తుంది. రవికాంత్ లాప్‌టాప్ వైపు చూశాడు. భావన కంచం వైపు చూసింది. ఎవరూ తనవైపు చూడకపోయేసరికి వసంతలక్ష్మికి అంతా అర్థమైంది. కూతురు కూడా చూడలేదు. ఆ ఒక్కటీ ఆవిడ తట్టుకోలేకపోయింది.

లేచి చెయ్యి కడుక్కుంది. కుళాయి గట్టిగా, రెండుసార్లు తిప్పి కట్టింది.

"రవీ, పెట్టె కార్లో పెట్టు నాయనా."

*

ఉమామహేశ్వరరావు మేడమెట్లు ఎక్కాడు. తప్పు ఒప్పుకుని ఒక మనిషిని ఆపుదామని వెళ్ళి, సాక్ష్యం చెప్పి పంపించేస్తున్నాడు. తన నోటిని తనే తిట్టుకున్నాడు. ఆ బిరడా దానంతటదే జారి మూసుకుపోయే రకమేమో, అలాగైనా తేలితే బాగుండునని స్నానాల గదిలోకి వెళ్ళి టబ్బు తెర పక్కకి లాగాడు.

బిరడా మూసి ఉంది.

చేత్తో తీశాడు. పైకి లేచి నిలబడింది. వదిలాడు. అలాగే ఉంది. బోర్లా వంగి ఊదాడు కూడా. దానంతటది పడే సరుకు కాదు. మరి పొద్దున తను స్నానం చేసినప్పుడు తెరిచే ఉందే?

"ఏం చేస్తున్నారక్కడ వంగి?" వెనకనుంచి గౌరి. ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని, చేతిలో కుంకుమభరిణె, వియ్యపురాలికి పెట్టాల్సిన చీర పట్టుకుని ఉంది.

"గౌరీ, ఈ బిరడా ఎవరు మూశారు? ఇప్పుడు?"

"నేనే. ఎందుకలా తీశారు? పెట్టండి, పెట్టండి. ఎయిర్‌పోర్ట్‌కి వెళ్తున్నాం కదా, ఇంట్లో ఎవరూ ఉండరు, బొద్దింకలు ఎక్కి రావూ? ఈ ఊళ్ళో బొద్దింకలు చూశారా, బొటనవేలంత ఉన్నాయి!"

ఉమామహేశ్వరరావు టబ్బు అంచు మీద కూర్చున్నాడు.

"ఊరెళ్తే తూములన్నిటికీ మూతలు పెట్టడం విజయవాడలో అలవాటు. ఇక్కడ కూడానా?"

"ఎక్కడైతేనేం? గడప దాటితే అన్నీ మూసే దాటుతాను. సింకు, టబ్బు, అన్నీ. ఆదివారం కూడా..."

గౌరి మాట అక్కడ ఆగిపోయింది.

"ఆదివారం కూడా?" అన్నాడాయన.

"వదినగారు అద్దం ముందు నిలబడకముందే మూసి దిగాను. కుళాయిలో నీళ్ళు లేవు కదండీ. అది విప్పి ఉందో, కట్టి ఉందో నాకేం తెలుసు?"

"విప్పింది నేను."

"మీరా!" గౌరి కళ్ళు పెద్దవయ్యాయి. ఒక్క క్షణం ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. మొగుడి మీద విరుచుకుపడబోయి, మళ్ళీ బిరడా వంక చూసి ఊరుకుంది. "ఆ సాయంత్రం తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుందామని వస్తే టబ్బు నిండా నీళ్ళున్నాయి. బిరడా తీసి వదిలింది కూడా నేనే. అప్పుడైనా తట్టలేదండీ. వదినగారి మీద కోపంతో ఉన్నానాయె."

కింద గరాజ్ తలుపు లేస్తున్న చప్పుడైంది. "అత్తయ్యా!" భావన గొంతు. "అమ్మ కార్లో కూర్చుంది. రవి స్టార్ట్ చేశాడు."

గౌరి భర్త చెయ్యి పట్టుకుంది. "ఏవండీ. మీరు కుళాయి సంగతి కింద చెప్పేశారా?"

"చెప్పేశాను."

"అయితే ఆ బిరడా కూడా మీరే అనేద్దురూ. ఎలాగూ సగం ఒప్పుకున్నారు."

ఉమామహేశ్వరరావుకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "పెట్టలేదని ఇందాకే బల్ల గుద్ది మరీ చెప్పాను గౌరీ."

"మీకెప్పుడు బల్ల గుద్దాలో తెలియదు!"

"నేనే పెట్టానన్నా ఆవిడకి నా మాటతో పని లేదే. ఆవిడని అన్నది నువ్వు. కూతురి పురుడు వదిలేసి ఆవిడ వెళ్ళేది నీ మాటకి."

గౌరి కుంకుమభరిణె మూత తీసింది, పెట్టింది. కొడుకు పెళ్ళైన నాటినుంచీ వసంతలక్ష్మి ముందు ఒక్కసారి తల వంచింది లేదు. పెట్టిపోతల దగ్గర గానీ, ఫోటోల్లో నిలబడే దగ్గర గానీ. కానీ కింద భావన ఏడుపు ఫాన్ల హోరుని దాటుకుని మేడమీదకి వినిపిస్తోంది. తొమ్మిదో నెల పిల్ల. గౌరి భరిణె, చీర టబ్బు అంచు మీద పెట్టేసింది.

పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని మెట్లు దిగింది.

*

కారు గరాజ్‌లోంచి సగం బయటికొచ్చి ఉంది. గౌరి వెనక తలుపు తీసి, ఎక్కి, వసంతలక్ష్మి పక్కన కూర్చుంది. తలుపు వేసింది. రవికాంత్ అద్దంలోంచి చూశాడు.

"వదినగారూ. బిరడా నేనే పెట్టాను."

వసంతలక్ష్మి ఎదురుగా రోడ్డు వైపే చూస్తోంది.

"బొద్దింకలొస్తాయని పెట్టాను. ఆయన కుళాయి విప్పారని నాకు తెలీదు, నేను బిరడా పెట్టానని ఆయనకి తెలీదు. మధ్యలో మీరు బలైపోయారు. నాది నోరు కాదు, తప్పైపోయింది."

"ఈ మాట ఇక్కడ, తలుపులేసుకుని, నాకొక్కదానికే చెప్తున్నారేం?" అంది వసంతలక్ష్మి.

"లోపల ఆ ఫాన్ల చప్పుడులో వినిపించదని..."

"ఆ చప్పుడులో నా పేరు విజయవాడ దాకా వినిపించింది కదండీ."

రవికాంత్ బ్రేక్ మీద కాలు బలంగా నొక్కాడు. బయట భావన పొట్ట మీద చెయ్యి వేసుకుని, లోపల ఏం జరుగుతోందో తెలియక కారు అద్దంలోకి తొంగి చూస్తోంది. కోడలి వెనక ఉమామహేశ్వరరావు, ఆయన వెనక డస్టిన్.

వసంతలక్ష్మి కూతుర్ని చూసింది. పమిట కొంగుతో కళ్ళొత్తుకుని మళ్ళీ గట్టిపడింది.

"ఉంటాను. నా బిడ్డ కోసం ఉంటాను, మీ కోసం కాదు."

"అలాగే వదినగారూ, అలాగే," అంది గౌరి గబగబా. "దిగండి, దిగండి."

"నేనింకా చెప్పడం అవలేదు. నెల్లాళ్ళయింది నేనొచ్చి. కడుపుతో ఉన్న నా పిల్లకి ఒక్క పూట నా చేత్తో చారు కాచి పొయ్యలేదు. గరిటె ముట్టుకోబోతే, అయ్యో మీకెందుకు శ్రమ, కూర్చోండి అన్నారు. కూర్చునీ కూర్చునీ నా నడుం పట్టేసింది. పురుడయ్యి, బిడ్డకి పేరు పెట్టేదాకా వంటిల్లు నాది."

గౌరి మొహంలో రంగు మారింది. తప్పు ఒప్పుకోవడానికి సిద్ధపడే వచ్చింది. దండం పెట్టమన్నా పెట్టేదే. కానీ వంటిల్లు!

"మొత్తం వంటిల్లా?"

"మొత్తం."

"అమ్మా," అన్నాడు రవికాంత్ ముందు సీటులోంచి. "ఇంకో పది నిమిషాల్లో బయల్దేరకపోతే ఫ్లైట్..."

"నువ్వుండు," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

గౌరి వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది. "సరే. కూర మీరే, చారు మీరే. పోపు మాత్రం నేను పెడతాను."

"పోపూ నేనే."

వసంతలక్ష్మి సీటుబెల్టు విప్పలేదు. పెట్టె డిక్కీలోనే ఉంది. రవికాంత్ కాలు బ్రేక్ మీదే ఉంది.

"పోనీ," అంది గౌరి, "ఇంగువ?"